తుంపరలో పోసిన సున్నం

పాతికేళ్లు దాటింది. అయిదు రాళ్లు నా గుండెల మీద నుంచి ఇంకా దిగలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు. మీరు నన్ను ఎరగరు, బహుశా అందుకే కావచ్చు.

నేను ఒమాన్ వెళ్లింది తాపీపనికి. తొంభైల మధ్యలో సైట్ మూతపడి, సలాలాలో ఒక చిన్న టూరు కంపెనీలో డ్రైవర్‌గా చేరాను. తెల్లవాళ్లు వచ్చేవాళ్లు. సముద్రం పక్కనే, పూర్వం సాంబ్రాణిని ఓడలకెక్కించిన రేవు శిథిలాల మీదుగా మిర్బాత్ అనే ఊరి దాకా కొన్నాళ్లు నడక, కొన్నాళ్లు సైకిలు. మేమేమో ఊళ్లో నడకా సైకిలూ తప్పుతాయని గల్ఫ్ వెళ్తే, వీళ్లు విమానం ఎక్కి మరీ వాటికోసమే వచ్చేవాళ్లు. నాకు నవ్వొచ్చేది.

సామాన్లూ నీళ్లూ నా పికప్‌లో ఉండేవి. గైడు ఖాదర్ భాయ్, కడప మనిషి. ఇద్దరిదీ ఒకే రూమ్. నాకు జ్వరం వస్తే గంజి కాచి తాగించినవాడు. ఎవరూ తప్పిపోకుండా అందరికంటే వెనక నడవడం అతని డ్యూటీ. ముందే వెళ్లి, దారి చీలే ప్రతిచోటా వెళ్లాల్సిన వైపు అయిదు రాళ్లు పేర్చడం నా డ్యూటీ.

అది అక్కడి వానకాలం. కొండల మీద పొగమంచు కమ్మి ఉంది. ఆ పొద్దున నాకు వంగి రాళ్లు ఏరబుద్ధి కాలేదు. పికప్‌లో సున్నం బస్తా ఉంది. పునాదులకు ముగ్గు పోసిన చేయి నాది, గీత గీస్తే దారం పట్టినట్టు ఉండేది. బాణం గుర్తులు పోసుకుంటూ వెళ్లిపోయాను. సున్నం వద్దని ఖాదర్ భాయ్ ముందే చెప్పాడు. నేను వింటేగా? జల్లెడ పట్టినట్టు రాలే ఆ తుంపరను మా ఊళ్లో వాన అనరు.

మధ్యాహ్నం మనుషులను లెక్కపెడితే ఒకరు తక్కువ. రిటైరైన టీచరమ్మ. చివరి చీలిక దగ్గర రాళ్లు లేవని చెప్పి, ఖాదర్ భాయ్ వెతకడానికి అడ్డదారిన వెనక్కి పరుగెత్తాడు. ఆఫీసు నుంచి మేనేజరును తీసుకురమ్మని నన్ను పంపాడు. దారిలోనే ఆ చీలిక. పికప్ ఆపి చూశాను. సున్నం జాడ కూడా లేదు.

దిగాను. అయిదు రాళ్లు ఏరాను. పెద్దది కింద, చిన్నది పైన, కదలకుండా పేర్చాను. అప్పటిదాకా జరిగింది బద్ధకం. ఇది? ఒక ముసలామె ఎక్కడో తప్పిపోయిందని తెలిసి కూడా, ఆమె కోసం పరిగెత్తాల్సిన నేను అక్కడ కూర్చుని రాళ్లకు మట్టం చూసుకున్నాను. ఎవరూ అడగకముందే అబద్ధం కట్టి సిద్ధంగా పెట్టుకున్న ఆ మనిషి నేనేనా అని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. నేనే.

వాగు గోతిలో కాలు విరిగి పడి ఉన్న ఆమెను ఒంటెలు కాసే అతను చూశాడు. బతికింది. ఆమెను ఆసుపత్రికి పంపాక మేనేజరు మమ్మల్నిద్దరినీ చీలిక దగ్గరికి తీసుకెళ్లాడు. రాళ్లు ఉన్నాయి. ఖాదర్ భాయ్ వంగి వాటిని తడిమి చూసి నావైపు తిరిగాడు.

"పొద్దునే పెట్టినావా ఇవి?"

"పెట్టిన భాయ్. మంచుల నీకు కనవడలేదేమో."

"ఇంత పక్కనే పోతిని కదప్పా, నాకు ఆనకపాయనే." కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. "నువ్వు పెట్టినానంటే పెట్టే ఉంటావులే. నా కండ్లే చెడినట్టుండాయి."

నన్ను అనుమానించి చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది. నమ్మాడు. తన కళ్లకంటే నన్నే నమ్మాడు.

తప్పు గైడుదే అని తేల్చారు. వీసా క్యాన్సిల్ చేసి వారంలో ఇంటికి పంపేశారు. పెట్టె సర్దడంలో సాయం చేశాను. తాడు కూడా నేనే కట్టాను. అప్పుడైనా నోరు ఎందుకు రాలేదు? నా ఉద్యోగం పోతుందని. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు, ఉంటే బాగుండేదని మాత్రం చాలా వెతికాను.

తర్వాత కడప నుంచి వచ్చిన ఒకతను చెప్పాడు. పిల్లలను బడికి దించే జీపు నడపమంటే ఖాదర్ భాయ్ ఒప్పుకోలేదట. చూపు బాగానే ఉందని డాక్టరు చెప్పినా నమ్మలేదట. నా కండ్లను నమ్మి పసిపిల్లలను ఎక్కించొద్దు అన్నాడట.  భాయ్‌కు ఉత్తరం మొదలుపెట్టి చించేశాను, ఒకసారి కాదు.

ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. కనుక్కునే ధైర్యం కూడా లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు, క్షమించాల్సింది మీరు కాదు. ఒక్క ముక్క మాత్రం ఎవరో ఒకరి ముందు బయటపెట్టాలి.

ఆ పొద్దున అక్కడ రాళ్లు లేవు. ఖాదర్ భాయ్ చూసిందే నిజం.