సర్కారు అద్దె కట్టిన మేడ

ఆ మధ్యాహ్నం సెలూన్ ఆయన షట్టరు దించేసి పాత మేడ వైపు బయలుదేరాడు. ప్రభుత్వం ఊరి చివర కొత్త భవనం కట్టించిందనీ, ఇకమీదట ఈ అద్దె ఇల్లు ఉండదనీ మేడ చూసుకునే వార్డెనమ్మ కబురు పెట్టింది. ఒకప్పుడు అక్కడున్నవాళ్లంతా ఓసారి వచ్చి చూసి పొమ్మంది.

తాగుడు మానినవాళ్లు తమ కాళ్లమీద తాము నిలబడేదాకా ఉండడానికి సర్కారు అద్దె కట్టి నడిపిన ఇల్లది. వీధిలోవాళ్లు దాన్ని తాగుబోతుల మేడ అనేవారు. లోపలున్నవాళ్లకు మాత్రం అది మేడ, అంతే.

అక్కడికి రాకముందు ఆయనకు రెండు కుర్చీల సెలూన్ ఉండేది. చెయ్యి తిరిగిన మనిషని పేరు. ఆయన గడ్డం గీస్తుంటే కుర్చీలోనే కునుకు తీసేవాళ్లుండేవారు. తర్వాత సాయంత్రాల తాగుడు పొద్దుటికి పాకింది. చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు ఏళ్లుగా వస్తున్న పెద్దాయన చెవి మీద గాటు పడింది. ఆయన తువ్వాలు అదిమిపెట్టుకుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే మొహం చాటేశారు. చివరికి భార్య కూడా కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో చేర్పించింది అక్క. అక్కడ ఒంట్లోంచి మందైతే దిగింది, మరి బయటికొచ్చి ఎక్కడ ఉండాలి? ఆయన గది కిందే మందు షాపు. బావగారేమో గడప తొక్కనివ్వనన్నాడు. అప్పుడు డాక్టరు మేడ సంగతి చెప్పాడు. పడుకోవడానికి మంచం, రెండు పూటలా తిండి, చుట్టూ తనలాంటి మనుషులు. పని దొరికి కుదురుకునేదాకా ఉండొచ్చు.

తీరా గేటు దగ్గరికొచ్చాక ఆయన ఆగిపోయాడు. "సర్కారు వాళ్లది కదా అక్కా, జైల్లా ఉంటుందేమో" అన్నాడు.

"జైల్లోకి ఊరికే ఎవర్నీ పోనివ్వర్లే తమ్ముడూ, పద" అని అక్క ముందు నడిచింది.

జైల్లా లేదు. మెట్ల పక్క గోడ పెచ్చులూడిపోయింది, వంటగది కిటికీ రెక్క సరిగా మూతపడదు, అంతమందికీ కలిపి ఒకటే స్నానాలగది. పొద్దున్నే దాని ముందు భుజాన తువ్వాళ్లతో అందరూ వరసలో నిలబడేవారు. లోపల తీరిగ్గా పాటలు పాడుకుంటూ బయటివాళ్ల చేత తలుపు బాదించుకునేది లారీ డ్రైవర్ బాబాయ్. వయసులో పెద్ద, అందరికన్నా ముందొచ్చినవాడు. వంట వంతులవారీగా చేసుకోవాలి. సెలూన్ ఆయన మొదటి వంతునాడు కూర నల్లగా మాడింది. బాబాయ్ గిన్నెలోకి తొంగిచూసి, దీనికి కూడా ఓసారి గడ్డం గీసి వడ్డించమన్నాడు. ఎన్నాళ్ల తర్వాతో సెలూన్ ఆయన పగలబడి నవ్వాడు.

వార్డెనమ్మ అంతకుముందు నర్సు. గొంతు పెంచడం ఎరగదు. ఎవరైనా తాగి వస్తే తిట్టేది కాదు, దాచేదీ కాదు. ముందు ఆస్పత్రికి, అక్కణ్ణుంచి మళ్లీ మేడకి, అంతే.

నెలలు గడిచినా సెలూన్ ఆయన కత్తి పట్టలేదు. సామాను పెట్టె మంచం కిందే ఉండిపోయింది. ఓ సెలవురోజు బాబాయ్ వరండాలో కుర్చీ వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఆయన్ని పిలిచాడు.

"నా చెయ్యి ఇంకా కుదురుకోలేదు బాబాయ్."

"పీక నాదిరా. మధ్యలో నీకెందుకు భయం? కానియ్."

కానిచ్చాడు. మధ్యమధ్య ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. వరండాలో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరి చూశారు. ఒక్క గాటు కూడా పడలేదు. బాబాయ్ చెంపలు తడుముకుని, లేవకుండా, జుట్టు కూడా పనిలోపనిగా కత్తిరించేయమన్నాడు.

ఆ మరుసటి ఏడు సర్కారు నిధులు ఆగిపోయాయి. ఇంటి యజమాని వచ్చి సామాను వీధిలో పెట్టిస్తానన్నాడు. వార్డెనమ్మ ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే, చివరికి ఓ అధికారి చూడ్డానికొచ్చాడు. ఆస్పత్రిలో నయమైపోయాక మళ్లీ ఈ ఇల్లెందుకని మెల్లగానే అడిగాడు.

"మానడం ఆస్పత్రిలో అయిపోతుందండీ" అంది వార్డెనమ్మ. "మానేశాక ఆ సాయంత్రాలు ఎక్కడ గడపాలో తెలీకే మళ్లీ పోతారు."

ఆయన టీ తాగి, గదులన్నీ తిరిగి చూసి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు నిధులొచ్చాయి. ఆయన చెప్పబట్టి వచ్చాయో, ఫైలు దానంతటదే కదిలిందో ఎవరికీ తెలియదు. ఆ గడ్డుకాలంలో మాత్రం పని చేతనైనవాళ్లంతా పనిలోకి దిగి, సంపాదించింది వంటగదికే తెచ్చారు. సెలూన్ ఆయన వీధి మొదట్లో కుర్చీ వేసుకున్నది అప్పుడే. తాగుబోతుల మేడ అన్నవాళ్లే వచ్చి ఆయన ముందు తల వంచి కూర్చున్నారు. మెల్లగా షాపు అయింది. భార్య, కూతురు తిరిగొచ్చారు.

బాబాయ్ మాత్రం మళ్లీ లారీ ఎక్కాడు. దారిలో ఎక్కడో మళ్లీ తాగాడనీ, సిగ్గుతో మేడకు రాలేకపోయాడనీ విన్నారు. వార్డెనమ్మ ఆయన మంచం చాలాకాలం ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత ఇవ్వక తప్పలేదు.

ఇప్పుడు గదులన్నీ బోసిగా ఉన్నాయి. వచ్చినవాళ్లు జుట్టు నెరిసి, పొట్టలు పెరిగి ఉన్నారు. మెట్లమీద కూర్చుని పాత కబుర్లు తవ్వుకున్నారు. కొత్త భవనంలో గదికో స్నానాలగది ఉందట. ఇక అక్కడుండేవాళ్లు పొద్దున్నే దేనికి పోట్లాడుకుంటారని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. బాబాయ్ పేరు ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం సెలూన్ ఆయన ఇంటికెళ్లి, మేడ ఇక ఉండదని భార్యకు చెప్పాడు. ఆవిడ చేస్తున్న పని ఆపింది. అన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ ఆ మేడలో అడుగుపెట్టలేదు.

"నేనూ ఓసారి వచ్చి చూసుండాల్సిందండీ" అంది.

ఆయన ఆవిడ పక్కన కూర్చుని, మేడ ఎలా ఉండేదో గది గదీ చెప్పడం మొదలుపెట్టాడు.