వీరరాఘవమ్మగారి రష్యా

మా వీరరాఘవమ్మగారు రష్యా గడ్డ మీద కాలు పెట్టలేదు. అయినా ఆ దేశాన్ని ఎన్నిసార్లు విడదీసి మళ్ళీ కట్టారో లెక్కలేదు. ఏలూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, కొల్లేరు వైపు మా కాలువ శివారులో, నీళ్ళు అందరికన్నా చివర అందే చోట, వరి చేయిస్తున్నారు. పక్క చేను నాది. గట్టు మీద కూర్చుంటే చాలు, మొదలుపెడతారు.

"నొవ్‌గొరోద్‌లో, అదో పాత రష్యా నగరం లెండి, గంట కొడితే జనం చేరి తమ సంగతి తామే తేల్చుకునేవారండీ. మాస్కో రాజు ఆ గంటనే ఊడబెరికి పట్టుకుపోయాడు. అది అక్కడే ఉండి ఉంటే? సైబీరియా గొడవ సైబీరియాలోనే, వోల్గా గొడవ వోల్గా ఒడ్డునే తేలి ఉంటే?"

"కొట్టుకు చచ్చేవాళ్ళండీ" అనేవాణ్ణి.

"చచ్చేవారేమో. ఎవరి తప్పుకు వాళ్ళే జవాబు చెప్పుకునేవారు కదండీ!"

నాకు ఒళ్ళు మండేది. అయినా మా చుట్టుపక్కల నేను లేచి నిలబడేది ఆవిడొక్కరికే. ముఖం చూసి మాట మార్చే మనిషి కారు.

మొన్న దాళ్వాలో, అంటే రెండో పంటకు, కాలువకు నీళ్ళు తగ్గాయి. వంతులు వేసుకోవాలి. ఇలాంటప్పుడు ఒక పెద్దమనిషి మాటకు వదిలేయడం మా వాడుక. మా పిల్లకాలువ కింద రైతుల్లో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎగువ రైతు బుచ్చిబాబు చేతులు కట్టుకున్నాడు.

"మీరొక్క మాట చెప్పండి టీచరుగారూ. కాదనేవాడు లేడండి."

శివారుకు ముందు అంటే చాలు, పొట్ట మీదున్న ఆవిడ పైరు గట్టెక్కుతుంది. నాదీ గట్టెక్కుతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నేను చెప్పనయ్యా. అందరూ కూర్చుని తేల్చండి" అన్నారావిడ.

కూర్చున్నారు, అరుచుకున్నారు. ఎగువవాళ్ళే ఎక్కువమంది కాబట్టి ఎగువకే ముందని తేల్చారు. మా వంతు వచ్చేసరికి కాలువలో నీళ్ళే లేవు. ఇద్దరి పైరూ సగం తాలుపోయింది. చాన్నాళ్ళు నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆ పట్టుదలకు మనసులో దణ్ణం పెడుతూనే తిట్టుకున్నాను.

కోతలప్పుడు బుచ్చిబాబు తలొంచుకుని వచ్చాడు.

"ఒక్క మాటతో పోయేదానికి ఇంత నష్టపోయారు. ఇప్పటికైనా మీ రష్యాకు రాజే మేలనిపించట్లేదాండీ?"

ఆవిడ ఒక కంకి దూసి అరచేతిలో నలిపారు. గింజ లేదు.

"అనిపించింది నాయనా. ఆ రోజు నువ్వడగ్గానే 'శివారుకు ముందు' అని నోటిదాకా వచ్చింది. అందుకే చెప్పనన్నాను."