వెనక్కి మాత్రమే నడిచిన పొట్టేలు-3

మార్చి నెల రెండో శనివారం, ఉదయం పదిన్నర గంటలకు మా నాయన నా రోబో మూతి మీద టెంకాయ కొట్టాడు. నేను ఇంజినీరింగు చివరి సంవత్సరంలో ఉన్న ఆ రోజుల్లో నాకు చదువు మీద ఎంత గౌరవమో, నా తెలివి మీద అంతకంటే ఎక్కువ గౌరవం ఉండేది. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని కావడంతో, హాస్టల్లో ఫ్యాను స్విచ్చు వేసేటప్పుడు కూడా ఏదో శాస్త్రకార్యం నిర్వర్తిస్తున్నట్టు నిలబడేదాన్ని. (ఫ్యాను తిరగకపోతే కరెంటు పోయిందని ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టేది.)

అనంతపురంలోని మా కాలేజీ ఏటా రోబోల కుస్తీ పోటీ నిర్వహించేది. తేలికపాటి విభాగంలో, చంకన పెట్టుకుని మోయగలిగినంత బరువున్న యంత్రాలు బరిలో కొట్టుకోవాలి. కదలలేకపోయినా, బరి మూలనున్న గుంతలో పడినా ఓటమే. మా బృందమంటే నేనూ, నా గదిలో ఉండే ధర్మవరం అమ్మాయీ. జడముడిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరు గుచ్చుకుని తిరిగేది కనుక ఆమె పేరే స్క్రూడ్రైవరు అయిపోయింది. మగ్గాల ఇంటి పిల్ల కావడంతో వైర్లన్నీ పట్టుదారంతో కట్టేది. ఆ ముడులు విప్పడం తర్వాత ఆమె వల్ల కూడా అయ్యేది కాదు.

మా మొదటి నమూనా పొట్టేలు-1కు రంపపు చక్రం పెట్టాం. చక్రం నిలబడిపోయి, దాని చుట్టూ రోబో తిరిగింది. పొట్టేలు-2కు ఎదుటి యంత్రాన్ని ఎత్తి పడేసే చెయ్యి అమర్చాం. అది ఎంతో నిజాయితీగా పనిచేసి, తనను తానే వెల్లకిలా పడేసుకుంది. రెండేళ్లూ మొదటి పోరులోనే ఇంటిముఖం పట్టాం. దాంతో మాకిచ్చిన చిన్న గది మీద ల్యాబు సారు కన్ను పడింది. "ఇదిగో చూడమ్మా, ఈసారి కూడా మొదటి పోరులోనే పడితే గది ఖాళీ చేసియ్యాల. ఫంక్షను కుర్చీలు వరండాలో ఎండకు పగిలిపోతాండాయి," అన్నాడు. ఆ గది పోతే పనిముట్లు పెట్టుకునే చోటే లేదు. మా తర్వాత వచ్చేవాళ్లకు రోబో అన్న ఊసే ఉండదు.

అందువల్ల పొట్టేలు-3కు ఆయుధమేదీ పెట్టలేదు. కుందుర్పి దగ్గర మా చేనులో నీళ్లు పడని బోరులోంచి పీకేసిన ఇనుప కేసింగు పైపును నిలువుగా కోయించి, ఆ ముక్కను నేలను రాసుకుంటూ పోయే మూతిలా బిగించాం. "నీళ్లయితే ఇయ్యలేదు, దెబ్బన్నా కొట్టనీలే పాపా," అంటూ నాయనే ఆ పైపును బస్సెక్కించి పంపాడు. పోటీ రోజున గొర్రెలు మేపే మా చిన్నాయనను వెంటబెట్టుకుని తానూ వచ్చాడు.

"టెంకాయ కొట్టినారా?" ఇదీ వచ్చీ రాగానే నాయన అడిగిన మొదటి ప్రశ్న. మా వైపు ట్రాక్టరు కొన్నా, బోరు బండి చేనులో దిగినా, ఇంటికి కుట్టుమిషను వచ్చినా టెంకాయ కొట్టకుండా మొదలుపెట్టరు. నేను చదువుకున్నదాన్ని గనుక చక్రాల కింద నిమ్మకాయల వరకు సమ్మతించాను. నాయన రాయి కోసం చుట్టూ చూశాడు. ఎక్కడా కనిపించలేదు. ఉన్నవాటిలో గట్టిది కేసింగు మూతేనని తేల్చుకుని ఫట్టున కొట్టాడు. నీళ్లన్నీ లోపలికి పోయాయి.

"ఏమప్పా, అది మిషనా, గుడి మెట్టా?" సారు కేక పెట్టాడు.

"దేవుని నీళ్లు సారూ, ఏం కాదు," అన్నాడు నాయన ప్రశాంతంగా.

స్క్రూడ్రైవరు తన చున్నీతో అందినంత మేర తుడిచింది. నేను రిమోటు నొక్కాను. వెనక్కి పోయింది. ముందుకు నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. "ముందుకు పోతా ల్యాదే!" అంది స్క్రూడ్రైవరు. విప్పి చూద్దామంటే అన్నీ ఆమె పట్టుముడులే. అంతలో మైకులో మా పేరు పిలిచారు.

ఎదుట బెంగళూరు నుంచి వచ్చిన బృందం. వాళ్ల రోబో ముందు భాగంలో తిరిగే బ్లేడు కూతకే జనం చెవులు మూసుకుంటున్నారు. గంట మోగగానే వాళ్లది దూసుకొచ్చింది, నాది వెనక్కి నడిచింది. "పారిపోతాంది రోయ్!" అని ఎవరో అరిచారు. నా చెవులు కాలిపోయాయి. అప్పుడు లేచింది మా చిన్నాయన గొంతు: "పారిపోయేదేంది రా! పొట్టేలు కుమ్మేముందు వెనక్కి పోతాది. సూస్తా ఉండు, ఇప్పుడిస్తాది!" నాయన అందుకున్నాడు: "ఇంగా వెనక్కి పో పాపా! ఇంగా! అట్ల!"

కుమ్మడం మాకు సాధ్యం కాదన్న సంగతి పాపం వాళ్లకు తెలియదు. అయితే వెనకనున్న మూలలో గుంత ఉందని నాకు తెలుసు. మనం వాళ్ల దగ్గరికి పోలేనప్పుడు వాళ్లనే మన దగ్గరికి రప్పించుకోవాలి కదా అనిపించింది. పొట్టేలును గుంత అంచు దాకా నడిపించి ఆపాను. బెంగళూరు రోబో, ఇక దొరికిపోయిందనుకుని, ఉన్న వేగమంతా కూడగట్టుకుని వచ్చింది. చివరి క్షణంలో ఒక చక్రాన్ని ఆపి, రెండోదాన్ని వెనక్కి తిప్పాను. పొట్టేలు-3 తలుపు తెరుచుకున్నట్టు పక్కకు తిరిగింది. వాళ్లది దాన్ని దాటుకుని నేరుగా గుంతలోకి దిగి, అక్కడ ఒంటరిగా కూస్తూ ఉండిపోయింది.

బరి చుట్టూ ఈలలు మిన్నంటాయి. స్క్రూడ్రైవరు నన్ను ఎత్తినంత పని చేసింది.

"కుమ్మనే లేదే!" అన్నాడు చిన్నాయన, కాస్త నిరాశగా.

"దీన్ని సూసే పడిపోయినాది పో," అని నాయన సర్దిచెప్పాడు.

ఇదేమి పద్ధతి అని తీర్పరి అడిగితే, నేను నోరు తెరిచేలోగా ల్యాబు సారు ముందుకొచ్చి, "ప్రత్యర్థి వేగాన్నే ఆయుధంగా మలచుకునే విధానమండీ. మా పిల్లలు ఏడాదిగా దీని మీదే పరిశోధన చేస్తున్నారు," అన్నాడు. నేనూ గంభీరంగా తలూపాను. (మా పరిశోధన నుంచి కొబ్బరి వాసన ఎందుకు వస్తోందని ఎవరూ అడగలేదు.) రెండో పోరులో మా వెంటపడే అమాయకులు దొరకక ఓడిపోయాం. అయినా నాయన నన్ను బస్టాండు దాకా ఊరేగింపులా నడిపించాడు. కుందుర్పి బస్సు కండక్టరుకు, టికెట్టు అడగకముందే, "మా పాప మిషను బెంగళూరోళ్ల మిషన్ని గుంతలో ఏసిందన్నా," అని విన్నవించాడు.

ఇప్పుడు యంత్రాలను పరీక్షించే ఉద్యోగంలో, ప్రతిదాన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని గానీ మీట నొక్కను. అటువంటప్పుడు, చెవులు ఎర్రబడి, సగమే పనిచేసే యంత్రంతో బరిలో నిలబడ్డ ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఆమెకు తెలిసినది ఎంత తక్కువో తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ ధైర్యంలో సగమైనా నా దగ్గర మిగిలి ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.

ఆ సోమవారం ల్యాబు సారు గది తాళంచెవిని స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు. మా తర్వాత చేరినవాళ్లు ఏటా ఆ గదిలోనే రోబోలు తయారుచేస్తున్నారు.