కందీలు దించిన బావి

"గాసునూనె డబ్బ బాయి గోడ మీద పెట్టినవా లేదా? గది చెప్పు!"

"ఎన్నిసార్లు చెప్పాలె అత్తమ్మా, నేను పెట్టలే. రేషన్ల ఇచ్చేదే గింతంత. బాయిల పోసుకునేటంత ఎక్కువైందా నాకు?"

"మరి బాయికే తాగబుద్ధైతే తాగిందా?"

"నన్నెందుకు అడుగుతవ్? నీ బాయినే అడుగు!"

సిద్దిపేటలో మా ఇంటి వెనుక, చేదబావి దగ్గర, ఒక ఎండాకాలం పొద్దున నేనూ నా కోడలూ ఇట్లా అరుచుకున్నాం. తొంభైల నాటి మాట. నెల రోజులుగా బావినీళ్లు కిరోసిన్ వాసన కొడుతున్నాయి. తాగడానికీ వంటకీ మాకు ఆ నీళ్లే. స్టవ్‌లో నూనె పోసేది కోడలు కాబట్టి తప్పు ఆమెదేనని నేను తీర్మానించేశాను. అయినా ఒక్క బిందె పారబోయనివ్వలేదు. కాచి తాగితే పోతుందన్నాను. కాచినా పోలేదు. ఆరేళ్ల మనుమరాలు గ్లాసు చూడగానే మొహం తిప్పుకునేది. గద్దించి తాగించాను. రెండు మూడుసార్లు కక్కుకుంటే మామిడికాయలు తిన్నందుకే అని దానికే నాలుగు తగిలించాను.

బావి తోడిస్తే వాసన పోతుందని, పూడిక తీసే మనిషిని ఆ పొద్దుటికే రమ్మన్నాను. అతను తాడూ గంపా తెచ్చుకుని వచ్చాడు. బావిలోకి వంగి, ముక్కు మూసుకున్నాడు.

"పెద్దమ్మా, గిదేం బాయి? లోపట లారీ పెట్టుకున్నరా?"

"నోరు మూసుకొని కందీలు దించు," అన్నాను.

బావిలో మనిషి దిగే ముందు వెలిగించిన కందీలు తాడుకు కట్టి దించడం మా దగ్గర ఆచారం. దీపం ఆరిపోతే లోపల గాలి మంచిది కాదని లెక్క. వెలుగుతుంటే దిగవచ్చు. మా మామ కాలం నుంచీ ఆ దీపం తప్పు చెప్పలేదు.

"ఇంత వాసన వస్తుంటే దీపమెందుకు అత్తమ్మా?" అంది కోడలు.

"నువ్వు నాకు నేర్పుతవా?" అన్నాను. కందీలు నేనే వెలిగించి అతని చేతికిచ్చాను.

తాడు రెండు బారలు కూడా దిగలేదు. బావి ఒక్కసారి దబ్బుమంది. మంట బావి నోటి దాకా లేచి, గిలక దాటి పైకి పోయింది. అతను వెల్లకిలా పడ్డాడు. కనుబొమ్మలు కాలిపోయాయి, మీసం సగం మాడింది. కోడలు వచ్చి నన్ను రెక్క పట్టి ఇంట్లోకి గుంజింది. నీళ్లు మండుతాయని నా జన్మలో ఎవరూ చెప్పలేదు. ముందే దిగి, లోపల బీడీ వెలిగించి ఉంటే ఆ మనిషి ఏమయ్యేవాడో.

మంట దానంతటదే ఆరింది. మంట కబురు విని మధ్యాహ్నం మున్సిపాలిటీ మనిషి వెంట, బావినీళ్లు పరీక్ష చేసే ఆఫీసరు ఒకాయన వచ్చాడు. సీసాకు రాయి కట్టి మెల్లగా దించి పైకి తీశాడు. ఎండకు పట్టి చూపించాడు. కింద నీళ్లు, పైన వేలెడు మందాన వేరే ఏదో తేలుతోంది. సీసా మీద కాగితం అంటించి రాశాడు. కూడబలుక్కుని చదివాను. మా ఇంటి నంబరు.

మా సందులో ఇంకో నాలుగు బావుల నీళ్లు కూడా పట్టాడు. సందు చివర ఉన్న పెట్రోల్ పంపు వైపు రెండు బావులు మా బావిలాగే కంపు కొట్టాయి. దానికి దూరంగా ఉన్న రెండూ బాగున్నాయి. అందరం ఆయన వెంట పంపు దాకా నడిచాం. భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకు అడుగు తుప్పు పట్టి కారుతోందన్నాడు. పంపు ఆసామి తల గోక్కున్నాడు.

"ట్యాంకుల దించే కొలత కర్ర మీద గీత దినాం దిగుతనే ఉన్నది సారూ. ఎండలకు ఆవిరైతున్నదనుకున్న."

కోడలు ఆఫీసరుకు అడ్డం వచ్చి నిలబడింది.

"సారూ, మా పిల్ల నెల దినాల సంది గీ నీళ్లే తాగుతున్నది. ఏమైతది?"

"ఇప్పటి సంది బంద్ చెయ్యిన్రి. దవాఖానల చూపియ్యిన్రి," అన్నాడాయన.

ఎవరు తాగించారో కోడలు చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. ఆ సాయంత్రం కంచంలో అన్నం పక్కకు నెట్టేశాను. పొద్దున ఆ అన్నం వండిందీ ఆ నీళ్లతోనే.

మరునాడు పొద్దున మున్సిపాలిటీ వాళ్లు వచ్చి బావి మీద రేకు పరిచి కట్టేశారు. నేను మనుమరాలిని చేయి పట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు దాని కడుపు నొక్కి చూసి, రక్తం తీయమని చీటీ రాశాడు. ఎన్ని రోజులు తాగిందని అడిగాడు. నెల అని చెప్పాను. వాసన వస్తుంటే పిల్ల ఎట్లా తాగిందన్నాడు. నేనే కొట్టి తాగించానని చెప్పాను.