ఏటేటా అడిగిన బాట

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే ఉన్నది కూడా ఊడిపోతుందని లెస్లీ ప్యాచెట్‌కి అరవై ఏడో ఏట తెలిసింది.

స్కెల్‌బీ ఊళ్ళో పశువుల దాణా మిల్లులో ముప్పై ఏళ్ళు కాటా దగ్గర కూర్చుని రిటైరైన మనిషి. పెళ్ళి కాలేదు. చేసుకోకూడదని ఒట్టేం పెట్టుకోలేదు. మిల్లు ఆఫీసులో పనిచేసే అమ్మాయిని అడుగుదాం, అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఆ పిల్ల గ్రిమ్స్‌బీ రేవులో చేపల వ్యాపారిని చేసుకుని వెళ్ళిపోయింది. ఇక మిగిలినవి రెండు గదుల ఇల్లు, లావు టైర్ల సైకిలు ఒకటి, ఆదివారం. ఆదివారం పొద్దున్నే ఫ్లాస్కు నిండా టీ, కాగితంలో చుట్టిన చీజు సాండ్‌విచ్చి సంచిలో పెట్టుకుని డ్రోవ్ బాట పట్టేవాడు.

వెనకటికి మందల్ని సంతకు తోలుకెళ్ళిన బాట అది. నాలుగు మైళ్ళు. తెల్ల సుద్ద, చెకుముకి రాళ్ళు కలిసిన కంకర, నడుమ గడ్డి, అటూ ఇటూ ముళ్ళపొదలు. కారు రాదు, లారీ రాదు. ఆ బాట కాదంటే గతి పెద్ద రోడ్డే. దాని మీద చక్కెర దుంపల లారీలు మోచేయి రాసుకుంటూ పోతాయి. లెస్లీ ఒకసారి అటు వెళ్ళి కాలవలో పడి లేచొచ్చాక మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

బాట సగం దూరంలో సిరిల్ డౌస్ అనే రైతు ఇంటి పెరటి పక్కగా పోతుంది. ఇరవై నాలుగేళ్ళ కిందట ఒక డిసెంబరులో లెస్లీ ఆ ఇంటి తలుపు మొదటిసారి తట్టాడు. బాట మీద సైకిలు తొక్కుకోవచ్చా అని టోపీ తీసి మరీ అడిగాడు.

"నా బాటేంటయ్యా? మా తాత పుట్టకముందు నుంచీ ఉందది. ఎవడైనా పోవచ్చు. నన్నడుగుతావేంటి, వాననడుగు" అన్నాడు సిరిల్. తలుపు వేయబోతూ నిజంగానే వాన పడుతుండడం చూసి, పోనీ లోపలికి రమ్మన్నాడు. టీ ఇచ్చాడు. నలభై నిమిషాలు కూర్చున్నారు.

ఈ ప్రాంతంలో మనిషి మనిషింటికి ఊరికే వెళ్ళడు. ఊరికే వచ్చానంటే అవతలివాడు గాభరాపడి, ఎవరు పోయారని అడుగుతాడు. నిచ్చెన అరువు కావాలనో, మీ ఉత్తరం మా ఇంట్లో పడిందనో, చేతిలో ఏదో ఒక పని ఉండాలి. పనిలేని లెస్లీకి ఆ రోజు ఒక పని దొరికింది. మరుసటి డిసెంబరులో మళ్ళీ వెళ్ళి, ఈ ఏడాది కూడా వెళ్ళొచ్చా అని అడిగాడు.

ముసలాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు. అప్పటికి ఆయన భార్య పోయి మూడేళ్ళు.

"ఆలోచించాలి. లోపలికి రా" అన్నాడు.

ఆలోచన టీ తాగేదాకా, ఆ పైన ఇంకో కప్పు తాగేదాకా సాగింది. గొర్రెల గిట్టల జబ్బు గురించి, మోకాళ్ళ గురించి, మురిక్కాలవ పూడిక గురించి మాట్లాడుకున్నారు. లేవబోతుంటే, "సరే, ఈ ఏడాదికి ఇచ్చాను పో. బుద్ధిగా తొక్కు" అన్నాడు సిరిల్.

ఇరవై ఒక్క డిసెంబర్లు అలాగే గడిచాయి. అడిగేవాడికి అడగక్కర్లేదని తెలుసు, ఇచ్చేవాడికి ఇవ్వడానికి తన దగ్గరేమీ లేదని తెలుసు. ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట పైకి అనలేదు. మిగతా పదకొండు నెలలూ సిరిల్ ట్రాక్టరు మీంచి చెయ్యెత్తేవాడు, లెస్లీ సైకిలు మీంచి చెయ్యెత్తేవాడు. ఇంకో పూట వెళ్ళి కూర్చుంటే బాట అరిగిపోతుందా? ఆ చొరవే ఉంటే ఆ పిల్ల సంగతి చేపల వ్యాపారి దాకా రానిచ్చేవాడే కాదు.

మూడేళ్ళ కిందట సిరిల్ పోయాడు. పొలం నగరం నుంచి వచ్చిన ఒకాయన కొన్నాడు. నెల తిరక్కుండా బాటకు రెండు చివర్లా ఇనుప గేట్లు, గొలుసులు, ఇది సొంత ఆస్తి అని బోర్డులు వెలిశాయి. అప్పటికే నాలుగైదేళ్ళుగా ఆ కంకర బాట సంగతి తెలిసి ఎక్కడెక్కడి నుంచో సైకిళ్ళవాళ్ళు వచ్చిపోతున్నారు. వాళ్ళంతా గోల పెట్టారు. సైకిలు సంఘం కార్యదర్శి జ్యుడిత్ ఆలప్, రిటైరైన టీచరమ్మ, పాత పటాలన్నీ ముందేసుకుని కౌన్సిల్లో దరఖాస్తు పెట్టింది.

ఇరవై ఏళ్ళపాటు జనం గొళ్ళెం విరగ్గొట్టకుండా, దొంగచాటుగా కాకుండా, ఎవర్నీ అడక్కుండా ఒక బాట మీద తిరిగితే అది జనం బాటే అంటుంది ఇక్కడి చట్టం. అడిగి తిరిగితే మాత్రం లెక్కలోకి రాదు. ఇంత మర్యాదస్తుల దేశంలో ఇలాంటి చట్టం ఎవరు రాశారో వాళ్ళకే తెలియాలి. పాతవాళ్ళు చాలామంది పోయారు, కొత్తవాళ్ళు నిన్నమొన్న వచ్చినవాళ్ళు. ఇరవై ఏళ్ళూ తొక్కానని చెప్పగలిగిన సాక్షి లెస్లీ ఒక్కడే దొరికాడు.

జ్యుడిత్ సంబరంగా కాగితాలు పట్టుకుని అతని ఇంటికొచ్చింది. అన్ని ప్రశ్నలకూ జవాబులు రాసుకుంటూ, ఎప్పుడైనా అనుమతి అడిగారా అన్నదాని దగ్గర తనే 'లేదు' అని రాసేయబోయింది.

"అడిగాను" అన్నాడు లెస్లీ. "ప్రతి ఏడూ."

ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. తర్వాత గుచ్చి గుచ్చి అడిగి మొదటి ఏడు సిరిల్ ఏమన్నాడో రాబట్టింది. ఎవరైనా పోవచ్చని భూమి ఆసామే అన్నాడంటే అది మనకే బలం అంది. అంతలోనే మళ్ళీ మొహం ముడుచుకుంది.

"కానీ లెస్లీ గారూ, వాళ్ళ లాయరు ఊరుకోడు. అక్కర్లేదని చెప్పాక కూడా ఇరవైసార్లు ఎందుకు అడిగారంటాడు."

"మర్యాద కోసం."

"మర్యాద కోసమంటే, ఆయన మాట లేందే వెళ్ళకూడదని మీరు నమ్మినట్టేగా. అప్పుడు బాట పోయినట్టే."

లెస్లీ వంటింట్లో బల్లకు ఒకే కుర్చీ ఉండడం జ్యుడిత్ చూసింది. తను కూర్చున్నది దాని మీదే. వేరే కారణమేదైనా ఉంటే విచారణ రోజున చెప్పమని, చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టమేనని మెల్లిగా అని వెళ్ళిపోయింది.

అసలు అడగనేలేదని చెప్పినా చెల్లిపోయేది. కాదనడానికి సిరిల్ లేడు. కానీ అలా చెబితే ఆ ఇరవై ఒక్క మధ్యాహ్నాలూ జరగనట్టే. లెస్లీకి చెప్పుకోవడానికి బతుకులో అంతకన్నా పెద్దగా ఏమీ లేవు. అడిగిన అసలు కారణం చెబుదామా అంటే, తూకం కాటా దగ్గర ముప్పై ఏళ్ళు తనను చూసిన ఊరు ముందు చెప్పాలి. గుడ్డలిప్పుకుని నిలబడమన్నా అంత సిగ్గుపడేవాడు కాదేమో. రెండు వారాలు సరిగ్గా తినలేదు.

విచారణ ఊరి హాల్లో పెట్టారు. మడత కుర్చీల్లో అరవైమంది దాకా కూర్చున్నారు. మాంసం కొట్టతను, ఉత్తరాలు పంచే ఆవిడ, పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు అందరూ వచ్చారు. కొత్త ఆసామి లాయరు కుర్రవాడు, చాలా నెమ్మదస్తుడు. ప్రతి ఏడూ అడిగేవారా అని అడిగాడు. అవునన్నాడు లెస్లీ. ఆయన ఇచ్చేవాడా? ఇచ్చేవాడు. లాయరు తృప్తిగా కూర్చున్నాడు.

విచారణాధికారిణి కళ్ళద్దాలు తీసి, మొదటిసారి సిరిల్ ఏమన్నాడని అడిగింది. లెస్లీ చెప్పాడు. వాననడుగు అన్న మాట దగ్గర హాల్లో నవ్వులు వినిపించాయి. సిరిల్ అలాగే మాట్లాడతాడని అందరికీ తెలుసు.

"మరి అక్కర్లేదని తెలిశాక మళ్ళీ ఎందుకు వెళ్ళారు, ప్యాచెట్ గారూ?"

లెస్లీ టోపీ చేతుల్లో తిప్పాడు. జ్యుడిత్ తల వంచుకుంది.

"మాట్లాడ్డానికి మనిషి లేక వెళ్ళానండీ" అన్నాడు. "ఊరికే వస్తే ఏమనుకుంటాడోనని బాట పేరు చెప్పేవాణ్ణి. ఆయనకీ తెలుసు."

మాంసం కొట్టతను తన బూట్ల వంక చూసుకున్నాడు. విచారణాధికారిణి చాలాసేపు రాసుకుని, ఇక చాలంది. లాయరు మళ్ళీ ఏమీ అడగలేదు. అలాంటి మాట అబద్ధమని ఎవరంటారు?

వసంతంలో తీర్పు వచ్చింది. అతను అడిగింది తోడు కోసమే గానీ అనుమతి కోసం కాదు కాబట్టి బాట జనానిదే. గేట్లు పీకేశారు. మొదటి ఆదివారం నలభై సైకిళ్ళు వచ్చాయి. బురద చిమ్ముకుంటూ లెస్లీని దాటిపోతూ ఒక్కొక్కరూ గుడ్ మార్నింగ్ చెప్పారు, అతను నలభైసార్లు బదులు చెప్పాడు. సిరిల్ పెరటి పక్కగా ఆగకుండా తొక్కుకుంటూ పోయాడు. అక్కడ ఇప్పుడు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

ఊరు కూడా అతనితో మునుపటికన్నా మెత్తగా ఉంది. మాంసం కొట్టతను ఒక సాసేజి ఎక్కువే వేస్తున్నాడు. ఉత్తరాలావిడ వాన గురించి ఇంకో రెండు మాటలు ఎక్కువ మాట్లాడుతోంది. ఆ రోజు హాల్లో విన్న మాట వాళ్ళెవరూ మర్చిపోలేదు. ఆదివారం సాయంత్రాలు అతని కిటికీలో దీపం చూసి, గేటు దాకా వచ్చి నిలబడి వెనక్కి పోయినవాళ్ళు కూడా ఉన్నారు. తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు. రావాలని లేక కాదు. వచ్చి ఏమని చెబుతారు?