సబ్బుతో కడిగిన మేకపిల్ల

మా వీధిలో అందరూ ఆమెను మడతక్క అంటారు. ఇస్త్రీ దుకాణం ఆమెది. చొక్కాను నాలుగు కదలికల్లో మడత పెడుతుంది. కాలరు మీద గోరంత మరక ఉన్నా బట్టను గడప దాటనివ్వదు.

దుకాణంలో రెండు బల్లలు. రెండోది భర్తది. ఆయన పోయాక ఆమె ఆ బల్ల ముట్టలేదు. ఏడాది పాటు ‘ఎన్ని?’, ‘రేపు’ అనే రెండు మాటలతోనే వ్యాపారం నడిపింది. చూసి చూసి, ఆడపడుచు ఒక మేకపిల్లను తెచ్చి ఆ బల్ల కాలికి కట్టేసింది.

"దీనికీ మాటలు రావు వదినా. మీ ఇద్దరికీ సరిపోతుంది."

మర్నాడే అది ఒక దిండు గలీబు నమిలేసింది. మడతక్క ఏడాదిగా దాచిన మాటలన్నీ పోగేసి పొద్దుగూకేదాకా తిట్టింది. మేక చెవులు నిక్కించి విన్నది. ఆ రాత్రి మడతక్కకు ఆకలేసింది, నిద్రా పట్టింది. తిట్లు పోయి కబుర్లొచ్చాయి. మేకకు ‘అమ్మాయి’ అనే పిలుపొచ్చింది.

ఆ అమ్మాయి పెరిగి పెద్దదై, మొన్న ఉదయం వెనక పాకలో ఈనింది. మొదట నల్లపిల్ల పుట్టింది. తల్లి దాన్ని నాకుతుండగానే తెల్లపిల్ల జారి పడింది. తెల్లటి ఒంటినిండా జిగురు, గడ్డి. మడతక్క ఆగగలదా? ఉన్ని బట్టల సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేడి తువ్వాలుతో తుడిచింది. పనిలో పనిగా పాకలోని గోనెపట్టాలూ నానబెట్టింది.

పిల్ల ఘుమఘుమలాడుతోంది. తల్లి ఒకసారి వాసన చూసి కొమ్ముతో ఒక్క తోపు తోసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసింది.

మడతక్క కేక విని ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "సబ్బుతో కడిగావా వదినా?"

"మురికిగా ఉంటేను!"

"ఆ మురికే కదా దానికి బిడ్డ గుర్తు! ముర్రుపాలు పడకపోతే సాయంత్రానికి చల్లబడిపోతుంది. అది ఈనిన గోనెపట్టా తే, రుద్దుదాం."

"నానబెట్టాను."

"పోనీ, ఈనాక పడ్డ మాయ?"

"పాతిపెట్టాను. నేల కూడా కడిగేశాను."

"నీ శుభ్రం తగలెయ్య!"

అప్పుడే డ్రాయింగు మాస్టారు వచ్చారు. "నా తెల్లచొక్కా అయిందా అమ్మా? పది గంటలకు మీటింగు."

"ముందు కొమ్ములు పట్టుకోండి మాస్టారూ!"

"ఎవరివి?"

పట్టుకున్నారు. మేక తన్నింది, కూలబడింది, మాస్టారినీ కూలదోసింది. తెల్లపిల్ల కాళ్ళు వణుకుతున్నాయి. మడతక్క దాని పక్కన చతికిలబడింది. "నా చేతులతో నేనే చంపుకుంటున్నానే."

ఆ చేతులవంకే చూసుకుంది. చటుక్కున లేచి, ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చిలకరించే గిన్నె తెచ్చి, అందులో మేక ముర్రుపాలు పిండింది. వేళ్ళు ముంచి తెల్లపిల్ల మెడనుంచి తోకదాకా చిలకరించింది. చుక్కకు చుక్క సమానం.

"అది చొక్కా కాదు వదినా!"

"నోర్ముయ్యవే, పని చూడు!"

చిలకరించిన బట్టల్ని తడి సమంగా పాకేందుకు కలిపి చుట్టి ఉంచుతారు. ఆమె అదే చేసింది. ఇంకా జిగురు ఆరని నల్లపిల్లను తెల్లదాని పక్కన పడుకోబెట్టి, చేతికందిన బట్టలో రెండింటినీ చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. చుట్టలోంచి రెండు మూతులు బయటికొచ్చి ఒకదాన్నొకటి నాకాయి.

పావుగంటకు విప్పింది. తల్లి నల్లదాన్ని వాసన చూసింది. తెల్లదాన్ని చూసింది. మళ్ళీ నల్లదాన్ని చూసింది. మాస్టారు మళ్ళీ కొమ్ములు పట్టుకున్నారు. మేక తెల్లపిల్ల వీపు మీది పాలు నాకి, అలాగే తోకదాకా వెళ్ళింది. పిల్ల తడబడుతూ పొదుగు అందుకుంది. దాని బుల్లి తోక గిరగిర తిరిగింది.

"అమ్మమ్మవయ్యావు వదినా!" అంటూ ఆడపడుచు గంతేసింది. మాస్టారు కొమ్ములు వదిలేసి చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ ఆగారు.

"ఆ చుట్టిన బట్ట..."

"మీ చొక్కాయే మాస్టారూ."

ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మడతక్క కళ్ళు తుడుచుకుంటూ రెండో బల్ల కింది అర తెరిచి, భర్త తెల్లచొక్కా తీసింది. ఆ బల్ల మీదే పరిచి ఇస్త్రీ చేసింది. మాస్టారు తొడుక్కున్నారు. చేతులు బెత్తెడు పొడవు.

"బాగుందా అమ్మా?"

ఆయన చేతి మేక జిగురు కాలరు మీద అంటుకుని ఉంది, గోరంత. మడతక్క చూసింది.

"వెళ్ళండి మాస్టారూ, టైమవుతోంది" అని, నవ్వాపుకుంటూ పాకలోకి పరుగెత్తింది.