నీడకు తోసిన జీపు

ఆ రోజుల్లో మా చుట్టరికంలో ఎవరింట్లో శుభకార్యం తలపెట్టినా, ముహూర్తం కన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుండేది: చిన్నాయన జీపు ఆ రోజు ఖాళీగా ఉందా లేదా. తిరుపతిలో కార్లు లేవని కాదు. మా వాళ్లలో నాలుగు చక్రాలున్నది ఆయనొక్కడికే. మామిడి కాపు కాలంలో ఆ జీపులో కాయలు ప్రయాణం చేసేవి, మిగతా కాలంలో మేము. (కాయలకు కింద ఎండుగడ్డి పరిచేవాడు. మాకు అదీ లేదు.) నిలబడ్డా నలభై, పరిగెత్తినా నలభై చూపించే ముల్లు ఒకటి, ఎడమవైపు మాత్రమే కారే గుడ్డ టాపు ఒకటి, కాళ్ల దగ్గర రోడ్డు కనబడే చిల్లు ఒకటి. దానికున్న సౌకర్యాలన్నీ అవే.

మొన్న చిన్నాయన కూతురు, శ్రీ సిటీలో ఇంజనీరు, కొత్త జీపు కొన్నది. అదే ముక్కు, అవే గుండ్రటి దీపాలు. చిన్నాయన పోయి మూడేళ్లయింది. ఆ దీపాలను ఒకసారి చేత్తో తుడిచి చూశాను. "అన్నా, వదినా, ఎక్కండి. వదిన వాళ్ల ఊరి దాకా పోయొద్దాం" అంది. మా ఆవిడ పుట్టిల్లు పాకాల అవతల మామిడి తోపుల మధ్య ఉంది. ఆవిడ ముందు కూర్చుంది, నేను వెనక. కూర్చోగానే సీటు నన్ను రెండు పక్కలా పట్టుకుంది. బెల్టు పెట్టుకోలేదని గంట మోగింది. (పాత జీపులోంచి మనిషి జారిపోతే, పక్కవాడు గుర్తుపట్టి అరవాల్సిందే.) చల్లగాలి, పాటలు, దారి చూపించే తెర, గుంటల్లో దిగినా కదలని నడుము. మంచి బండి, వంక పెట్టడానికి లేదు. అయినా పాకాల దాకా వచ్చేసరికి ఏదో వెలితిగా అనిపించింది. పాత జీపు వెనక రెండు పొడుగు బెంచీలు ఎదురెదురుగా ఉండేవి. మోకాళ్లు మోకాళ్లకు తగిలేవి. చంద్రగిరి దాటేలోపు ఎవరికి ఎవరి మీద కోపముందో బయటపడేది, పాకాల వచ్చేలోపు తీరిపోయేది. ఇందులో అందరం ముందుకే చూస్తున్నాం. నాకు మా ఆవిడ కొప్పు తప్ప ఏమీ కనబడలేదు.

ఇదే దారిలో ఆ పాత జీపులోనే నేను పెళ్లిచూపులకు పోయాను. జీపుకు అప్పటికే బ్యాటరీ చచ్చిపోయి ఏడాది. అందుకని చిన్నాయన ఏ ఊరికి పోయినా ముందు ఊరు చుట్టూ తిరిగి మిట్ట వెతికేవాడు. ముక్కు పల్లానికి పెట్టి ఆపి, చక్రం ముందర రాయి పెట్టేవాడు. తిరిగి పోయేటప్పుడు రాయి తీస్తే చాలు, జీపు తనంతట తానే దొర్లి, గేరు పడగానే లేచేది. ఆ రోజు కూడా పెళ్లికూతురి ఇంటి ఎదుట మిట్ట మీదే ఆపి, నా చెవిలో, "బ్యాటరీ సంగతి నోరెత్తొద్దు. జీపుండే ఇల్లని చెప్తేనే వాళ్లు మనల్ని రమ్మన్నారు" అన్నాడు.

లోపల ఆయన ధాటి చూడాలి. "తాళం ఇట్ల తిప్పితే అట్ల లేస్తాది బావా" అని పెళ్లికూతురి నాయనకు చెబుతున్నాడు. నేనైతే చేతిలో ఓళిగ సగం అయ్యేలోపే అమ్మాయి నచ్చి, మిగతా సగం మింగలేక కూర్చున్నాను. ఆ అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మీకు జీపు తోలేది వస్తాదా?" వస్తుందన్నాను. (నాకు వచ్చిందల్లా దాన్ని వెనకనుంచి నెట్టడం.) ఈ పిల్ల కాదంటే ఎలాగన్న భయం అప్పుడే పట్టుకుంది.

బయటికి వచ్చేసరికి మిట్ట మీద జీపు లేదు. దూరంగా చింతచెట్టు కింద, చదునైన ఇసకలో, చల్లగా నిలబడి ఉంది. పెళ్లికూతురి నాయన ముఖం నిండా సంతోషంతో, "ఎండకు సీట్లు కాలిపోతాయని మా మనుషుల్తో నీడకు తోయించినానప్పా" అన్నాడు. ఇంటికొచ్చిన వాళ్ల బండిని ఎండలో వదిలేస్తే వాళ్లకు మర్యాద తక్కువట. చిన్నాయన ముఖం చూడలేకపోయాను. ఆయన ఎక్కి తాళం తిప్పాడు. జీపు ఒక్కసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పితే ఆ దగ్గూ లేదు.

గడపలో నిలబడ్డ అమ్మాయి మేనత్త, "పిల్లను సూసి పొయ్యేటప్పుడు బండి కదల్లేదంటే మంచి శకునం కాదన్నా. ఇంకో సంబంధం సూస్తాం" అంది. పెళ్లికూతురి నాయన ఒకసారి జీపును, ఒకసారి నన్ను చూశాడు. ఆ చూపు నాకు మేనత్త మాట కన్నా భయంగా తోచింది. వెనక్కి పోయి ఒక్కణ్ణే తోయడం మొదలుపెట్టాను. జీపు కదల్లేదు కానీ నా చెప్పులు మాత్రం ఇసకలో దిగిపోయాయి.

"శకునం కాదత్తా, దానికి బ్యాటరీ లేదు. మిట్ట వెతుక్కోని రాయి పెట్టినప్పుడే సూసినాను." ఆ మాటలన్నది పెళ్లికూతురే. గడప దిగి వచ్చింది. కొంగు నడుముకు దోపి నా పక్కన నిలబడి, "చేతుల్తో కాదు, భుజం పెట్టండి" అంది. ఇద్దరం తోశాం. జీపు లేచి, మా ఇద్దరి ముఖాలకూ నల్లగా పొగ కొట్టింది. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. మేనత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చిన్నాయన మాత్రం ఆపితే మళ్లీ లేవదని చింతచెట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. నేను వెంట పరిగెత్తి ఎగిరి ఎక్కుతుంటే పెళ్లికూతురి నాయన, "శుక్రవారం తాంబూలాలకు వస్తామప్పా!" అని వెనకనుంచి కేకేశాడు.

మొన్న ఆ ఊరికి చేరాక చెల్లెలు జీపును కావాలనే ఆ చింతచెట్టు కిందికి పోనిచ్చింది. చక్రం ఇసకలో గిర్రున తిరిగింది. అంతే, నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే బెల్టులు విప్పి, తలుపులు తీసుకుని దిగి, తోయడానికి బండి వెనక్కి పోయాం. చెల్లెలు వెనక్కి తీద్దామని గేరు వేసి, అదిరిపడి ఆపేసింది. వెనక ఏముందో చూపించే తెర మీద మా ఇద్దరి ముఖాలూ, నా రెండు అరచేతులూ కనబడ్డాయట.

"వదినా, ఆడేం చేస్తాండారు మీరిద్దరూ? పక్కకు జరగండి, అదే వచ్చేస్తాది!"

జరిగాం. ఏదో మీట నొక్కింది, జీపు బుద్ధిగా ఇసక దాటి గట్టి నేల మీద నిలబడింది. పొగ లేదు, మసి లేదు. ఎవరి సాయమూ అవసరం లేని ఆ బండి వెనక మేమిద్దరం చేతులు దులుపుకుంటూ నిలబడిపోయాం. పెళ్లిచూపుల నాడు పొగకు నల్లబడ్డ నా తెల్లచొక్కా, ఇసకలో దిగిపోయిన చెప్పులు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. కొంగు నడుము నుంచి తీస్తూ మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఇన్నేండ్లయినా మీకు భుజం పెట్టేది రాలేదు" అంది.